కనిపించే తేడా: సున్నా

నీడలమ్మకి,

నువ్వు ఫోన్ ఎత్తవు. వదినకి చేస్తే "స్నానం చేస్తోంది" అంటుంది. పొద్దున చేసినా స్నానమే, సాయంత్రం చేసినా స్నానమే. ఈపాటికి నానిపోయి ఉండాలి నువ్వు. మెసేజ్ పెడితే చూసినట్టు గుర్తు పడుతుంది గానీ జవాబు రాదు. అందుకే కాగితాలు కొనుక్కొచ్చి కూర్చున్నాను. అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటి, గీత దాటి పోతున్నాయేమిటి అని విసుక్కోకు. దానికి ఒక కారణం ఉంది. ఈ ఉత్తరం ఆ కారణం గురించే.

నువ్వు ఎందుకు వెళ్లిపోయావో నాకు తెలుసు. బ్యాగ్ జిప్ లాగుతూ ఒక్క మాట అన్నావు. "నాకు ముందు చెప్పాలనిపించలేదా?" అంతే. నేను తలుపు పక్కన కుక్కిన పేనులా నిలబడ్డాను. లోకానికంతా చాటే ముందు ఇంట్లో ఉన్నదానికి చెప్పి ఉండాల్సింది, నిజమే. కానీ నేను చెప్పకుండా దాచింది అదొక్కటే కాదు. మొదట్నుంచీ రాస్తాను. నీకు తెలిసిన సంగతులు కూడా మధ్యలో వస్తాయి, ఓపిక పట్టు. వరస తప్పితే నేను మళ్లీ ఏదో ఒక అబద్ధంలోకి జారిపోతాను, నా సంగతి నాకు తెలుసు.

ఎవరో ఒక కొత్త ఆట కొనుక్కుని తన పాత కంప్యూటర్‌లో వేసుకుంటాడు. బొమ్మ కుంటుతుంది. లోపలి గ్రాఫిక్స్ కార్డు మోయలేకపోతుంది. అప్పుడు మా పత్రిక తెరుస్తాడు. ఏ సెట్టింగ్ దించితే సెకనుకి తెర మీద పడే బొమ్మలు, అదే ఫ్రేములు, ఎన్ని మిగులుతాయి, దించినందుకు బొమ్మ ఎంత పాడవుతుంది, ఈ రెండు ముక్కలూ చెప్పి పుణ్యం కట్టుకోవడమే మా పని. మొదటి ముక్క లెక్కలావిడది. ఆవిడ గది నిండా తీగలు, మీటర్లు, ఫ్యాన్ల మోత. రెండో ముక్క నాది. నా గదిలో నల్ల కర్టెన్లు, రెండు తెరలు, ఒక కుర్చీ. ఒక తెర మీద సెట్టింగ్ పైకి పెట్టిన బొమ్మ, ఇంకోదాని మీద దించిన బొమ్మ. ఏది ఏదో నాకు చెప్పరు. నేను చూసి చెప్పాలి. ఫ్రేముల ఖర్చు తెలిస్తే కన్ను మారిపోతుందని ఎడిటర్ మా ఇద్దరినీ వేరు వేరు అంతస్తుల్లో కూర్చోబెట్టాడు.

నాకు డేగకన్ను అన్న పేరు ఎలా వచ్చిందో నీకు తెలుసు. ఒక కార్డుల కంపెనీ, తన సరుకు వేగంగా పరిగెత్తుతోందని చూపించుకోవడానికి, ఆటలో దూరంగా ఉన్న నేల పలకలని దొంగచాటుగా అలికేసింది. మీటర్లన్నీ శభాష్ అన్నాయి. నేను మాత్రం "ఆ చివరి గది నేల ఏదో తడిగుడ్డ పెట్టి తుడిచినట్టుంది" అన్నాను. పెద్ద గొడవైంది. కంపెనీ క్షమాపణ చెప్పింది. ఆ వారంలోనే ఆటలు తయారుచేసే మీ స్టూడియో నుంచి ఒకమ్మాయి వచ్చి "ఎలా కనిపెట్టారండీ?" అని అడిగింది. "చూశానండీ, అంతే" అన్నాను. ఆ "అంతే"కే పడిపోయానని పెళ్లయ్యాక నువ్వు చెప్పావు. నువ్వు నవ్వుతూ చెప్పావు గానీ నేను దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. నాకు అందం లేదు, ఆస్తి లేదు, పాట రాదు. ఉన్నదల్లా ఆ కన్నే. దాన్ని చూసే నువ్వొచ్చావు.

ఆ కన్ను పోయింది. రాసేశాను. ఇక వెనక్కి తీసుకోను.

పోయిన ఏడాది నుంచే మొదలైంది. ముందు తెర బాగాలేదనుకున్నాను. తుడిచాను. కళ్లజోడు తుడిచాను. గుడ్డ మార్చి మళ్లీ తుడిచాను. తెర పాడైందని ఎడిటర్‌తో పోట్లాడి కొత్తది తెప్పించాను, దాని మీద కూడా అదే పాలపొర. అప్పుడే అర్థమవ్వాలి. అర్థమయింది కూడా. కానీ అర్థమయిందని ఒప్పుకోవడం వేరు కదా. డాక్టర్ దగ్గరికి వెళ్తే కాగితం రాస్తారు, కాగితం వస్తే సెలవు పెట్టాలి, సెలవు ఎందుకంటే చెప్పాలి, చెబితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. నేను ఇంటికొచ్చి నీ ఎదుట కూర్చుని "నాకు కనిపించడం లేదు" అనాలి. ఆ ఒక్క మాట అనలేక ఏడాది దొంగతనం చేశాను.

దొంగతనం ఎలాగంటావా? టీ టైములో మెట్ల దగ్గర లెక్కలావిడ కనిపిస్తే మామూలుగా అడిగినట్టు "ఈసారి ఎంత తినేసింది?" అనేవాణ్ణి. ఆవిడ పాపం ఏమీ అనుకోకుండా "నూటికి ఇరవై పోతున్నాయి సార్, రాక్షసి!" అనేది. నేను పైకెళ్లి, రెండు తెరల మీదా కనిపించే ఒకే మసకని కాసేపు చూసి, "ఖర్చు ఎక్కువ, తేడా అంతంతమాత్రం, దించేయండి" అని రాసేవాణ్ణి. ఖర్చు విని అందం చెప్పేవాణ్ణన్నమాట. సిగ్గుచేటు ఏమిటంటే జనానికి అదే నచ్చింది. కొత్త కార్డు కొనుక్కునే దారిలేని వాడికి, ఖరీదైన బొమ్మలో ఏమీ లేదులే అని చెప్పేవాడు దేవుడితో సమానం. "అన్నా, నువ్వు చెప్పినట్టు దించేశా, ఏ తేడా లేదు, బతికించావు" అని రాసేవాళ్లు. ఎడిటర్ దాన్ని "ఏది దించాలి?" అని నెలనెలా వచ్చే శీర్షిక చేసేశాడు. నా గుడ్డితనం పత్రికకి పేరు తెచ్చింది.

అప్పుడు మీ ఆట వచ్చింది. అందులో నీడలు నీవి. రెండేళ్లు నువ్వు వాటి కోసం ఎంత చచ్చావో పక్కనుండి చూసినవాణ్ణి. మామూలు ఆటల్లో నీడ అంచు మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది, కత్తిరించి అంటించినట్టు. నిజం నీడ అలా ఉండదు, వస్తువుని తాకే చోట గట్టిగా ఉండి దూరం పోయేకొద్దీ మెత్తబడుతుంది, మా ఆటలో అలా పడుతుంది చూడు, అని ఎన్నిసార్లు చెప్పావో. ఎడిటర్ మర్యాదగానే అడిగాడు. "మీ ఆవిడ పని కదా, ఇంకెవరితోనైనా చూపిద్దామా?" అన్నాడు. నేను గుండె చరుచుకున్నంత పని చేసి "నా కంటికి పెళ్లామైనా ఒకటే, పక్కింటాయనైనా ఒకటే" అన్నాను. ఇంకొకరు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే నా పాత తీర్పులన్నీ బయటపడతాయని భయం. ఆ భయానికి నిజాయితీ అని పేరు పెట్టాను.

కూర్చున్నాను. చూశాను. టీకి కూడా లేవకుండా చూశాను. ఒక్కసారైనా, ఒక్క మూలైనా నీ నీడ మెత్తబడుతుందేమోనని చూశాను. రెండు తెరలూ ఒకటే. "కొద్దిగా" అని రాయచ్చు. కానీ ఎక్కడ ఆ కొద్ది అని ఎవరైనా అడిగితే చూపించలేను, పైగా పెళ్లాం కాబట్టి రాశాడంటారు. అందుకని సున్నా వేశాను. "నీడలు: తగ్గే ఫ్రేములు నూటికి ఇరవై మూడు. కనిపించే తేడా: సున్నా. మొట్టమొదట దించాల్సింది ఇదే." ఏ ఆటలోనూ ఏ సెట్టింగ్‌కీ అంతకుముందు నేను సున్నా వేయలేదు, నీకు తప్ప.

నువ్వు వెళ్లాక ఆ రెండు బొమ్మలూ ఇంటికి తెచ్చుకుని మళ్లీ చూశాను. ఏమీ లేదు. మర్నాడు మధ్యాహ్నం రోడ్డు దాటుతూ దీపస్తంభం నీడ తొక్కాను. ఎండ మాడిపోతోంది. ఆ నీడకి అంచు లేదు. నిజం స్తంభం, నిజం ఎండ, దానికీ అంచు లేదు. అక్కడి నుంచి అటే కంటి ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ దీపం పెట్టి చూసి "ఎన్నాళ్ల నుంచి?" అంది. "ఈ మధ్యే" అన్నాను. "అబద్ధాలాడకండి, ఇది బాగా ముదిరిన శుక్లం. మీ వయసులో తక్కువగా వస్తుంది, కానీ వస్తుంది. ఏం చేస్తుంటారు?" అంది. "చూస్తుంటానండీ. చూడటమే ఉద్యోగం" అన్నాను. ఆవిడ రాసే పెన్ను ఆపేసింది. రెండు కళ్లకీ, ఒకదాని తర్వాత ఒకటి, ఆపరేషన్ చేయాలట. పెద్ద విషయం కాదట, చేయించుకున్న రోజే ఇంటికి పంపేస్తారట. ఏడాదిపాటు ఇంత చిన్నదానికా నేను ఇంత పెద్ద పాపం మోసింది అని తల గోడకి కొట్టుకోవాలనిపించింది.

నీ నీడలు ఉన్నాయి. నాకే కనిపించలేదు. నా కంటికి అన్ని నీడలూ మెత్తవే కాబట్టి నీ మెత్తదనం నాకు తెలియలేదు. ఇంకా ఎడిటర్‌కి చెప్పలేదు. ముందు నీకు రాస్తున్నాను. తిట్టు. వదిన చేత తిట్టించు. స్నానం చేస్తోందని మాత్రం చెప్పించకు.

ఇట్లు,
సిగ్గుతో చచ్చి ఇంకా బతికున్న
నీ మనిషి

*

మొద్దుగారికి,

స్నానం అయింది.

నీ ఉత్తరం వంటగదిలో నిలబడి చదివాను. అక్క "ఏం రాశాడే?" అంటే కాగితం మడత పెట్టేశాను. "విడాకులా?" అంది. "కాదు, శుక్లం" అన్నాను. దానికి ఏమీ అర్థంకాక నాకు మంచినీళ్లిచ్చింది.

ముందు నిన్ను తిట్టాల్సింది తిట్టేస్తాను. కళ్లు పోతుంటే పక్కలో ఉన్న మనిషికి చెప్పవా? కన్ను చూసి చేసుకున్నాననుకున్నావా? ఆ రోజు నువ్వు "చూశానండీ, అంతే" అన్నప్పుడు నీ చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుని ఉన్నావు. అంత దూరం నేల పలకలు కనిపించేవాడికి తన గుండీలు కనిపించలేదు. నేను పడిపోయింది దానికి. అది చెబితే ఉబ్బిపోతావని చెప్పలేదు.

ఇక నా సంగతి. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను, ఇది నాలుగోది.

నువ్వు చూడలేకపోయానని ఏడుస్తున్నావే, అది అసలు అక్కడ లేదు.

మళ్లీ చదువుకో. ఆ రెండు బొమ్మలూ నిజంగానే ఒకటే. నీ కళ్లకే కాదు, ఎవరి కళ్లకైనా ఒకటే. నీడల సెట్టింగ్ పైకి పెడితే ఆట ఏం చేస్తుందంటే, ఒక్కో నీడ అంచునీ ఎన్నోసార్లు లెక్కకట్టి మెత్తబరుస్తుంది. ఆ లెక్కంతా కార్డు చేత చేయిస్తుంది. కార్డు చెమటోడ్చి చేస్తుంది. చివర్లో తెర మీదికి తీసుకురావాల్సినప్పుడు మాత్రం ఆ కొత్త నీడని పక్కన పడేసి పాత నీడనే తెస్తుంది. ఖర్చంతా నిజం, సరుకు లేదు. ఆ తప్పు నాది. ప్రోగ్రామ్‌లో నా చేత్తో రాసిన ఒక్క వరస. ఆట పూర్తిచేసి, ఇక ఎవరూ ముట్టుకోకూడదని సీలు వేశాక, విడుదలకి ముందు, ఏదో వేరే పని మీద అటు వెళ్లి చూసుకున్నాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది, నీకు ఎప్పుడో చెప్పాను. సీలు వేశాక ఎవరైనా మళ్లీ తెరవాలంటే, అందరినీ హాల్లో నిలబెట్టి, ఎందుకు తెరుస్తున్నామో, తప్పు ఎవరిదో, ఆ తప్పు చేసినవాళ్లే చెప్పాలి. అప్పటికి ఇళ్ల మొహం చూడక పిల్లలు తమని గుర్తుపడతారో లేదో అన్న స్థితిలో ఉన్నారు అందరూ. వాళ్ల ముందు నిలబడి "నా వల్ల ఇంకోవారం" అనలేకపోయాను. పైగా రెండేళ్లు నీడలు, నీడలు అని అందరి బుర్రా తిన్నదాన్ని. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. తర్వాత నెమ్మదిగా ఒక అప్‌డేట్‌లో కలిపేద్దాంలే, ఎవడు చూస్తాడు అనుకున్నాను. ఎవడూ చూడలేదు కూడా! "పైన పెడితే నీడలు స్వర్గంలా ఉన్నాయి" అని రాశారు జనం. ఒకడైతే కళ్లలో నీళ్లు తిరిగాయన్నాడు. లేని నీడలకి!

లోకంలో ఒక్కడు పట్టుకుంటాడనుకున్నాను. వాడు నా ఇంట్లోనే ఉన్నాడు. మీ దగ్గరికి ఆట వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి నీ మొహమే చూస్తూ కూర్చున్నాను. నువ్వేమీ అనలేదు. పక్కన కూర్చుని తిన్నావు, జోకులేశావు, బల్బు మార్చావు. తర్వాత పత్రికలో చూస్తే సున్నా. నువ్వు ఎన్నడూ వేయని సున్నా. ఇంకేముంది, దొరికిపోయాను అనుకున్నాను. డేగ చూసేసింది, నాకు ఒక్క మాట చెప్పకుండా లోకం ముందు పెట్టేసింది అనుకున్నాను. "నాకు ముందు చెప్పాలనిపించలేదా?" అన్నది అందుకు. నా పనిని తక్కువ చేశావని కాదు, నా దొంగతనం పట్టుకుని నాతో అనకుండా అచ్చేశావని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నువ్వు ఏమీ చూడకుండా వేసిన సున్నాకి నేను బ్యాగ్ సర్దుకున్నాను. యంత్రంతో పోల్చి ఉంటే క్షణంలో తేలేది, కానీ మీ ఎడిటర్‌కి మనిషి కన్నే కావాలి కదా. ఆ కన్ను నీది. ఖర్మ నాది.

నవ్వొచ్చింది నాకు. చాలాసేపు నవ్వాను, అక్క భయపడింది. తర్వాత ఆలోచిస్తే నవ్వు పోయింది. ఎందుకంటే ఇప్పుడు మనిద్దరం నోరు మూసుకుంటే చాలు. నీ తీర్పు సరైనదే. నా తప్పు ఎవరికీ తెలియదు. నువ్వు కళ్లు బాగుచేయించుకుంటావు, నేను నీడలు బాగుచేస్తాను. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నిన్నంతా ఈ ఆలోచన చుట్టూనే తిరిగాను, సిగ్గులేకుండా చెప్తున్నాను, బాగానే అనిపించింది.

కానీ మొద్దూ, మిగతా ఆటల మాటేమిటి? నా దాంట్లో లేదు సరే. ఈ ఏడాదిలో నువ్వు దించేయమన్న మిగతా వాటిల్లో ఉన్నాయి కదా. ఎవరో ఒకరు నాలాగే రెండేళ్లు కూర్చుని నీటి మీద మెరుపు చేశారు, పొగమంచు చేశారు, గడ్డి చేశారు. వాళ్లవి నిజంగా ఉన్నాయి. వాటికి నువ్వు లెక్కలావిడ టీ కబుర్లు విని మార్కులు వేశావు. అది చదివి వాళ్లు ఏ అక్క వంటింట్లో నిలబడ్డారో నీకు తెలియదు. నాకు తెలుసు, నేను అక్కడే ఉన్నాను కాబట్టి.

అందుకని నేను సోమవారం హాల్లో నిలబడుతున్నాను. భయంగానే ఉంది. నిలబడతాను. నువ్వూ మీ ఎడిటర్ దగ్గరికి వెళ్లు. వెళ్లకపోతే ఇంటికి రాను. వెళ్తే వస్తానని కూడా అనడం లేదు. కోపం ఇంకా ఉంది, ఎవరి మీదో తేలడం లేదు.

నీడల్లేని
నీడలమ్మ

*

నా అమ్మడూ,

ఎడిటర్‌కి చెప్పాను. తిడతాడనుకుంటే తిట్టలేదు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. నా కళ్లలోకి చాలాసేపు చూశాడు, లోపల ఏమైనా కనిపిస్తుందేమోనన్నట్టు. "ఎన్ని?" అన్నాడు. "ఏడాదివన్నీ" అన్నాను. లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడి "నువ్వు చూశావంటే ఇంకొకరిని అడగక్కర్లేదు అనుకునేవాణ్ణయ్యా" అన్నాడు. ఆ మాటకి నేను నేల వంక చూశాను. నేలయినా సరిగా కనిపించలేదు.

పత్రికలో వేశారు. నేనే రాసి ఇచ్చాను: ఈ ఏడాది "ఏది దించాలి?"లో కనిపించే తేడా గురించి రాసిన మాటలన్నీ సరిగా కనిపించని మనిషి రాసినవి, వాటిని నమ్మకండి, మళ్లీ మొదట్నుంచి చూపిస్తున్నాం అని. జనం ఏమన్నారో నువ్వు చూసే ఉంటావు. గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే అన్నవాళ్లు ఉన్నారు. నా ఫోటోకి నల్లకళ్లజోడు పెట్టినవాళ్లు ఉన్నారు. అన్నీ చదివాను, అక్షరాలు పెద్దవి చేసుకుని మరీ చదివాను. ఒకడు మాత్రం "మీకు కనిపించలేదు సరే, మరి మీ మాట విని దించేసుకున్న నాకెందుకు కనిపించలేదు?" అని అడిగాడు.

ఉద్యోగం ఊడలేదు గానీ కుర్చీ మారింది. లెక్కలావిడ నా నల్ల కర్టెన్ల గదిలోకి వెళ్లింది, నేను ఆవిడ ఫ్యాన్ల మోతలోకి దిగాను. ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. "నా నోటితో చెప్పించుకుని నన్ను కూడా దొంగని చేశారు కదా సార్" అంది ఒక్కసారి. ఇప్పుడు మెట్ల దగ్గర ఎదురైతే నేనే పక్కకి తప్పుకుంటాను.

నువ్వు హాల్లో నిలబడిన సంగతి వదిన చెప్పింది. అందరూ అరుస్తారనుకుంటే, వెనక నుంచి ఎవరో "హమ్మయ్య, నా కళ్లే పోయాయనుకున్నా" అన్నారట కదా. వింటుంటే నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

మీ అప్‌డేట్ మా దగ్గరికి వచ్చింది. ఈసారి దాని ఖర్చు నేనే లెక్కపెట్టాను. నూటికి ఇరవై రెండు పోతున్నాయి. లెక్కలావిడ పైన కూర్చుని చూసింది. నేను ఒక్క మాట అడగలేదు, ఆవిడ ఒక్క మాట చెప్పలేదు. తీర్పు అచ్చుకి వెళ్తుంటే చూశాను. రేపు వస్తుంది. ముందు నీకు చెప్తున్నాను. "కనిపించే తేడా: కొద్దిగా. పరిగెత్తుతూ ఆడేవాళ్లకి కనిపించదు. పాత కార్డులవాళ్లు దించుకోవడం మంచిది." అబద్ధం చెప్పను, అమ్మడూ. మొదటి కంటికి ఆపరేషన్ అయింది, అది బాగయ్యాక నేనూ చూశాను. నేను రాసినా అదే రాసేవాణ్ణి. రెండేళ్లు నువ్వు చేసింది చాలామంది దించేసుకుంటారు, దించేసుకోవడమే వాళ్లకి మంచిది. ఇది రాయడానికి చేతులు రావడం లేదు, కానీ ఇంకెవరో చెప్తే నువ్వు వినకూడదు.

ఇంటికొచ్చి మన కంప్యూటర్‌లో వేశాను. నీడలు ఎంతవరకూ పోతే అంతవరకూ పైకి పెట్టాను. మన కార్డు ముసలిది, కూలబడిపోయింది. ఆటలో వసారా మీద నడిచే ముసలాయన ఒక అడుగు వేసి ఆగుతాడు, మళ్లీ ఒక అడుగు వేసి ఆగుతాడు. ఆయన చేతికర్ర నీడ నేలని తాకిన చోట గీసినట్టుంది. గోడ ఎక్కేసరికి విడిపోయి మెత్తబడింది. బాగైన కన్ను మూసి, బాగవని కంటితో చూశాను. ఏమీ లేదు. మళ్లీ తెరిచాను. ఉంది. డాక్టరమ్మ ఏడవద్దంది, చుక్కల మందు కొట్టుకుపోతుందని. అప్పటికే సగం చెంప మీద వేసుకున్నాను, మిగతా సగం అలా పోయింది. ఆడటానికి ఆ ఆట ఇప్పుడు దేనికీ పనికిరాదు. నేను మాత్రం దించలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఇదే ఆఖరిది, దీని తర్వాత నా దగ్గర దాచింది ఏదీ లేదు. ఎడిటర్‌కి రాసిచ్చిన కాగితంలో ఇది లేదు, మొదటి ఉత్తరంలో కూడా రాయలేకపోయాను. ఆటలు ఒక్కటే కాదు. ఏడాదిగా నీ మొహం కూడా నేను అంచనా మీదే చూస్తున్నాను. గొంతు విని నవ్వావనుకునేవాణ్ణి, గొంతు విని కోపమొచ్చిందనుకునేవాణ్ణి. ఆ రోజు తలుపు దగ్గర నువ్వు గొంతు తగ్గించి మాట్లాడావు. ఏడుస్తున్నావో లేదో నాకు తెలియలేదు. తెలిసి ఉంటే బ్యాగ్ పట్టుకుని ఆపేవాణ్ణి. తెలియదని చెప్పడానికి సిగ్గేసి అలా నిలబడ్డాను.

గురువారం రెండో కన్ను. శుక్రవారం పొద్దున కట్టు విప్పుతారు. నువ్వు ఎదురుగా కూర్చో. తిట్టాలనుంటే తిడుతూనే కూర్చో, చూస్తాను.

నీ
మొద్దు